నాలుగు చుట్ల మొనగాడు: జిమ్ రయన్ విశేషాలు

ఎనిమిదోవాడే చరిత్రకెక్కాడు

1964 జూన్ 5. కాలిఫోర్నియాలోని కాంప్టన్‌లో మైలు పందెం. ఆ రోజు గెలిచిందెవరని అడిగితే అథ్లెటిక్స్ అంటే చెవి కోసుకునేవాళ్లు కూడా కాస్త తడుముకుంటారు. ఎనిమిదో స్థానంలో వచ్చినవాడి పేరు మాత్రం ఠక్కున చెప్పేస్తారు. జిమ్ రయన్. అప్పటికి వయసు 17 ఏళ్లు. కాన్సాస్ రాష్ట్రం, విచిటా ఊళ్లోని ఈస్ట్ హైస్కూల్ విద్యార్థి. ఆ పందేన్ని ముగించడానికి అతనికి పట్టిన సమయం 3 నిమిషాల 59.0 సెకన్లు. అమెరికాలో హైస్కూల్ చదువు పూర్తికాకుండానే మైలును నాలుగు నిమిషాల లోపు పరిగెత్తిన మొట్టమొదటి కుర్రాడు అతనే. అతని ముందున్న ఏడుగురూ కూడా నాలుగు నిమిషాల లోపే ముగించారు. ఒకే పందెంలో ఎనిమిదిమంది ఆ హద్దు దాటడం కూడా అదే మొదలు.

అంతకు పదేళ్ల కిందట, 1954 మే 6న, ఆక్స్‌ఫర్డ్‌లో రోజర్ బానిస్టర్ 3:59.4లో మైలు ముగిస్తే మనిషి శరీరానికి అసాధ్యమన్నది జరిగిందని లోకమంతా చెప్పుకుంది. పదేళ్లు తిరిగేసరికి ఓ బడిపిల్లాడు బానిస్టర్ కంటే 0.4 సెకన్లు ముందున్నాడు. అదీ ఎనిమిదో స్థానంలో వచ్చి!

ముందు చిన్న లెక్క

మనం మైళ్లు వదిలేసి కిలోమీటర్లలోకి వచ్చి చాలా కాలమైంది. మైలంటే 1,609 మీటర్లు. అప్పట్లో అమెరికాలో ట్రాకు చుట్టుకొలత 440 గజాలు. నాలుగు చుట్లు తిరిగితే సరిగ్గా మైలు. చుట్టుకు నిమిషం లోపు పడితేనే నాలుగు నిమిషాల గోడ బద్దలవుతుంది. ఒలింపిక్స్‌లో మాత్రం మైలు ఉండదు. దాని బదులు 1500 మీటర్ల పరుగు ఉంటుంది. అది మైలు కంటే 109 మీటర్లు తక్కువ. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. తరవాత మ్యూనిక్ ఒలింపిక్స్‌లో రయన్ కొంప ముంచింది ఇదే.

ఎవరికీ అక్కర్లేని పిల్లాడు

రయన్ 1947 ఏప్రిల్ 29న విచిటాలో పుట్టాడు. చిన్నప్పుడు తట్టు పోసి వినికిడి బాగా దెబ్బతింది. ఆస్తమా కూడా ఉండేది. ఏదో ఒక ఆటలో చేరాలని ఆశ. చర్చి బేస్‌బాల్ జట్టు వద్దంది. బాస్కెట్‌బాల్ జట్టు వద్దంది. జూనియర్ హైస్కూల్లో పరుగు జట్టు కూడా వద్దంది! ఆఖరికి 1962లో ఈస్ట్ హైస్కూల్లో క్రాస్‌కంట్రీ జట్టుకు వెళ్లాడు.

వాచీ పట్టుకుని కొలిచినప్పుడు అతని మొదటి మైలుకు 5 నిమిషాల 38 సెకన్లు పట్టింది. చురుగ్గా పరిగెత్తే హైస్కూల్ పిల్లలు చాలామంది చేయగలిగిందే అది. రెండేళ్లు నిండకముందే అందులోంచి 99 సెకన్లు రాలిపోయాయి.

ఈత కోచ్ చెప్పిన జోస్యం

ఆ మార్పు వెనకున్న మనిషి కోచ్ బాబ్ టిమ్మన్స్. మెరైన్ దళంలో పనిచేసి వచ్చినవాడు. అదే స్కూల్లో ఈత జట్టుకు కూడా శిక్షణ ఇచ్చేవాడు. ఈతగాళ్లు ఒకే దూరాన్ని మళ్లీ మళ్లీ, మధ్యలో కొద్దిపాటి విరామంతో ఈదుతారు. టిమ్మన్స్ ఆ పద్ధతిని పరుగులోకి తెచ్చాడు. ఒక్క సాధనలో 440 గజాల చుట్లు నలభై! వారానికి నూరు మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు. ఈ రోజుల్లో స్కూలు పిల్లలతో ఎవరైనా అలా చేయిస్తే తల్లిదండ్రులు గొడవకొస్తారు. రావాలి కూడా. రయన్ తట్టుకున్నాడు కాబట్టి అది గొప్ప శిక్షణ అయింది. తట్టుకోలేని పిల్లల పేర్లు రికార్డు పుస్తకాల్లో ఉండవు కదా.

రయన్ పరుగు మొదలుపెట్టిన తొలి ఏడాదే, ఓ పోటీ నుంచి బస్సులో తిరిగొస్తుంటే, టిమ్మన్స్ పక్కన కూర్చుని చెప్పాడట: హైస్కూల్ స్థాయిలో నాలుగు నిమిషాల లోపు మైలు పరిగెత్తే మొదటి వాడివి నువ్వే అవుతావని. ఈయనకేమైనా మతిపోయిందా అనుకున్నానని రయన్ తరవాత చెప్పుకున్నాడు.

కాన్సాస్ గోధుమ పొలాల్లో మైలు పంట

గోధుమ పొలాలు, ఈదురుగాలులు తప్ప పెద్దగా ఏమీ లేవని పేరుపడ్డ రాష్ట్రం కాన్సాస్. కానీ మైలు పరుగు విషయానికొస్తే అక్కడి కథే వేరు.

రయన్ కంటే ముందు గ్లెన్ కనింగ్‌హామ్ ఉన్నాడు. 1917లో, ఏడేళ్ల వయసులో, స్కూల్లో పొయ్యి వెలిగించబోతే అగ్నిప్రమాదం జరిగింది. కిరోసిన్ ఉండాల్సిన డబ్బాలో పెట్రోలు ఉంది. అన్న ఫ్లాయిడ్ చనిపోయాడు. గ్లెన్ రెండు కాళ్లూ కాలిపోయాయి. కాళ్లు తీసేయాల్సి వస్తుందేమో అన్నారు వైద్యులు. ఆ పిల్లాడే 1934లో 4:06.8తో మైలు ప్రపంచ రికార్డు పెట్టాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్లలో రజతం గెలిచాడు.

తరవాత వెస్ శాంటీ. నాలుగు నిమిషాల గోడను అందరికంటే ముందే బద్దలు కొట్టాలని ఉరకలేసిన ముగ్గురిలో, బానిస్టర్‌తో పాటు, అతనొకడు. మూడోవాడు ఆస్ట్రేలియాకు చెందిన జాన్ లాండీ. శాంటీ 1955లో 4:00.5 దాకా వచ్చి ఆగిపోయాడు. ఆ మరుసటి ఏడాదే, ఖర్చుల కింద నిబంధనల కంటే ఎక్కువ డబ్బు తీసుకున్నాడని అమెరికా అమెచ్యూర్ సంఘం అతనిపై జీవితకాల నిషేధం వేసింది. అరసెకను దూరంలో ఆగిపోయిన మనిషి!

కనింగ్‌హామ్, శాంటీ, రయన్ ముగ్గురూ కాన్సాస్ యూనివర్సిటీ విద్యార్థులే.

టోక్యోలో ఆఖరివాడు

కాంప్టన్ పందెమైన కొన్నాళ్లకే రయన్ టోక్యో ఒలింపిక్స్‌కు ఎంపికయ్యాడు. ఎంపిక పోటీలో మూడోవాడికే ఆఖరి చోటు. గీత దగ్గర జిమ్ గ్రెల్‌ను వెంట్రుకవాసిలో దాటి ఆ చోటు దక్కించుకున్నాడు. టోక్యో చేరాక జలుబు చేసింది. సెమీఫైనల్లో ఆఖరివాడిగా వచ్చాడు. ఆ ఒలింపిక్స్‌లో 800, 1500 రెండింటా స్వర్ణం గెలిచింది న్యూజిలాండ్ వీరుడు పీటర్ స్నెల్.

తొమ్మిది నెలలు కూడా తిరక్కుండా, 1965 జూన్ 27న శాండియాగోలో, అదే స్నెల్‌ను రయన్ ఓడించాడు. సమయం 3:55.3. అది కొత్త అమెరికా రికార్డు. అప్పటికి వయసు 18. నిజం చెప్పాలంటే స్నెల్ అప్పటికి మునుపటి జోరులో లేడు, ఆటకు వీడ్కోలు పలికే యాత్రలో ఉన్నాడు. అయినా ఒలింపిక్ చాంపియన్ చాంపియనే.

అదే ఏడాది మే నెలలో జరిగిన ఇంకో పందేన్ని నేను అంతకంటే పెద్దదిగా లెక్కేస్తాను. విచిటాలో జరిగిన రాష్ట్ర హైస్కూల్ పోటీలు. పక్కన పెద్దవాళ్లు లేరు, లాక్కెళ్లేవాళ్లు లేరు. అందరూ స్కూలు పిల్లలే. రయన్ 3:58.3లో ముగించాడు. కేవలం హైస్కూల్ పిల్లలున్న పందెంలో నాలుగు నిమిషాల లోపు రావడం అదే మొదటిసారి. ఆ మైదానంలో ఒంటరిగా గడియారంతో పోటీపడడం అతనికి అప్పుడే అలవాటైంది. ఈ అలవాటే అతనికి బలమూ అయింది, తరవాత మెక్సికో ఒలింపిక్స్‌లో చిక్కూ అయింది.

హైస్కూల్ వదిలేనాటికి అతని ఖాతాలో నాలుగు నిమిషాల లోపు మైళ్లు ఐదు.

పదో వంతు సెకను

1966 జూన్ 4, మళ్లీ కాంప్టన్. ఫ్రాన్స్ ఆటగాడు మిషెల్ జాజీ పేరిట ఉన్న ప్రపంచ రికార్డు 3:53.6. రయన్ పరిగెత్తింది 3:53.7. పదో వంతు సెకనులో తప్పిపోయింది. ఆరు రోజుల తరవాత ఇండియానాలోని టెర్రెహోట్‌లో 880 గజాల పరుగులో 1:44.9తో ప్రపంచ రికార్డు కొట్టి ఆ కోపం తీర్చుకున్నాడు. అంతకుముందు ఆ రికార్డు ఎవరిది? పీటర్ స్నెల్‌దే.

రద్దయిన పోటీలో రాలిన రికార్డు

1966 జూలైలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో అమెరికా, పోలండ్ జట్ల మధ్య పోటీలు జరగాల్సి ఉంది. వియత్నాం యుద్ధానికి నిరసనగా పోలండ్ రానంది. ఆ తరవాత రావాల్సిన సోవియట్ జట్టూ మానుకుంది. టికెట్లు అమ్ముడైపోయాయి, ఏదో ఒకటి చేయాలి కదా అన్నట్టు అమెరికా వాళ్లే తమలో తాము పోటీ పెట్టుకున్నారు. జూలై 17న ఆ సర్దుబాటు పోటీలోనే రయన్ మైలును 3:51.3లో ముగించాడు. జాజీ రికార్డు మీద ఏకంగా 2.3 సెకన్లు. ఈ దూరంలో రికార్డులు సాధారణంగా పదో వంతుల్లో జారుతుంటాయి.

అప్పటికి రయన్ వయసు 19. కనింగ్‌హామ్ రికార్డు 1937లో చేజారాక, 29 ఏళ్లకు మళ్లీ ఓ అమెరికన్ చేతికి మైలు రికార్డు వచ్చింది. వచ్చింది కూడా కాన్సాస్ కుర్రాడి చేతికే.

ఇంకో వింత. మైలు ప్రపంచ రికార్డు కొట్టబోయే మనిషి ఆ ఏడాది తన సొంత యూనివర్సిటీ తరఫున జాతీయ కాలేజీ పోటీల్లో దిగడానికి వీల్లేకపోయింది! మొదటి ఏడాది విద్యార్థులు ప్రధాన జట్టులో ఆడకూడదన్నది అప్పటి నియమం.

ఆ సంవత్సరం చివర స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక అతన్ని ఏడాది మేటి క్రీడాకారుడిగా ఎంచింది. రయన్ చదువు ఏమిటంటే ఫొటో జర్నలిజం. టొపీకా పట్టణంలోని దినపత్రికలో ఫొటోగ్రాఫర్‌గా పనిచేశాడు కూడా. కెమెరాకు రెండు వైపులా మెలిగిన అథ్లెట్లు ఎక్కువమంది ఉండరు.

ఒకే పందెం, రెండు కథలు

1967 జూన్ 23, బేకర్స్‌ఫీల్డ్. రయన్ తన రికార్డును తానే 3:51.1కు తగ్గించాడు. ఇప్పటి పందేల్లో రికార్డు కోసం పరిగెత్తేవాడి ముందు డబ్బిచ్చి పెట్టుకున్న పేస్‌మేకర్లు ఉంటారు, ట్రాకు పక్కన పరిగెత్తే దీపాలు కూడా ఉంటాయి. రయన్‌కు ఇవేవీ లేవు. దాదాపు మొదటి నుంచీ తనే ముందున్నాడు. కాలి కింద ఉన్నది కూడా నేటి సింథటిక్ ట్రాకు కాదు. ఆఖరి చుట్టును 53 సెకన్ల లోపే చుట్టేశాడు.

అదే పందెంలో ఏడోవాడిగా వచ్చినవాడు న్యూజెర్సీ హైస్కూల్ కుర్రాడు మార్టీ లిక్వోరి. సమయం 3:59.8. నాలుగు నిమిషాల లోపు వచ్చిన మూడో అమెరికా హైస్కూల్ విద్యార్థి. మూడేళ్ల కిందట ఎనిమిదోవాడిగా వచ్చి చరిత్రకెక్కిన రయన్ వెనక, ఇప్పుడు ఏడోవాడిగా ఇంకొకడు! ఈ లిక్వోరి మళ్లీ వస్తాడు.

పదిహేను రోజుల తరవాత, జూలై 8న, లాస్ ఏంజెలెస్ కొలీజియంలో 1500 మీటర్లు. ఆస్ట్రేలియా దిగ్గజం హెర్బ్ ఎలియట్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో పెట్టిన 3:35.6 రికార్డును ఏడేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు. రయన్ 3:33.1లో వచ్చాడు. రెండున్నర సెకన్లు తగ్గించాడు. ఆ రోజు వెనక నాలుగు సెకన్ల తేడాతో రెండోవాడిగా వచ్చిన కెన్యా పోలీసు ఉద్యోగి పేరు కిప్ కెయినో.

అడవిలో ట్రాకు

1968 ఒలింపిక్స్ మెక్సికో నగరంలో. సముద్ర మట్టానికి 2,240 మీటర్ల ఎత్తు. అంత ఎత్తులో గాలి పలచన. వంద, రెండొందల మీటర్ల పరుగులకు అది లాభం, ఎక్కువ దూరం పరుగులకు నరకం. అమెరికా తన మగవాళ్ల ఎంపిక పోటీలను అంతే ఎత్తున్న చోట పెట్టాలనుకుంది. కాలిఫోర్నియాలో లేక్ తాహో దగ్గరున్న ఎకో సమ్మిట్ కనుమ మీద, పైన్ అడవిలో, ఒలింపిక్ స్థాయి ట్రాకు వేశారు. కొట్టే చెట్లు తక్కువ ఉండాలని ట్రాకు మధ్యలోనూ చెట్లను అలాగే వదిలేశారు. పరుగువీరులు అవతలి వైపుకెళ్తే చెట్ల వెనక మాయమై, మళ్లీ ఇవతలకు తేలేవారు. రయన్ అక్కడ గెలిచాడు. లిక్వోరి కూడా ఎంపికయ్యాడు.

కానీ ఆ ఏడాది ఒలింపిక్స్‌కు ముందే రయన్‌కు మోనోన్యూక్లియోసిస్ వచ్చింది. గ్రంథులు వాచి, నెలల తరబడి ఒంట్లో సత్తువ లాగేసే వైరస్ జబ్బు అది. కోలుకున్నాడు గానీ చేతిలో వ్యవధి తగ్గిపోయింది.

మెక్సికో: ఓడిపోయినవాడి గొప్ప పరుగు

ఇక్కడ కాస్త ఆగుదాం. రయన్ పేరెత్తగానే చాలామంది చెప్పేది మెక్సికోలో ఓడిపోయాడనే. అదేం ఓటమో అంకెల్లో చూడాలి.

అప్పటికి మూడేళ్లుగా మైల్లో, 1500లో రయన్ ఓడింది లేదు. అంత ఎత్తులో 3:39 పరిగెత్తితే స్వర్ణం ఖాయమని అతని లెక్క. లెక్క తప్పేమీ కాదు, దాదాపు అందరూ అలాగే అనుకున్నారు. పలచటి గాలిలో మొదట్లోనే వేగం పెంచినవాడు చివర్లో కుప్పకూలుతాడన్నది అప్పటి సూత్రం.

ఆ సూత్రాన్ని కెన్యా వాళ్లు పట్టించుకోలేదు. అక్టోబర్ 20న ఫైనల్. తుపాకీ పేలగానే బెన్ జిప్చో తీసిన మొదటి చుట్టు 56 సెకన్లు. తన పతకం ఆశ వదులుకుని తోటి కెన్యా ఆటగాడు కెయినో కోసం చేసిన పని అది. సగం దూరం అయ్యేసరికి ముందున్నది కెయినో. ఆగలేదు, తగ్గలేదు. రయన్ తన లెక్కనే నమ్ముకుని ఎంతో వెనకున్నాడు. కెయినో ఎప్పుడో ఒకప్పుడు పడిపోతాడని ఎదురుచూశాడు. చివరి రెండు చుట్లలో ఒక్కొక్కరినే దాటుకుంటూ రెండో స్థానానికి వచ్చాడు. మొదటి స్థానం మాత్రం అందనంత దూరంలో ఉంది. కెయినో 3:34.9, రయన్ 3:37.8. దాదాపు ఇరవై మీటర్ల తేడా. ఒలింపిక్ 1500 చరిత్రలో అంత తేడాతో గెలిచినవాడు మరొకడు లేడు.

ఈ కెయినో ఏమన్నా ఆరోగ్యంగా ఉన్నాడా అంటే అదీ లేదు. పిత్తాశయం జబ్బుతో విపరీతమైన నొప్పి. అదే ఒలింపిక్స్‌లో పదివేల మీటర్లు పరిగెత్తుతూ ట్రాకు మీదే పడిపోయాడు. తరవాత ఐదువేలలో రజతం గెలిచాడు. 1500 ఫైనల్ రోజు బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే దిగి స్టేడియం దాకా పరిగెత్తుకుంటూ వెళ్లాడని చెబుతారు.

ఇప్పుడు అసలు లెక్క. రయన్ అనుకున్నది 3:39, పరిగెత్తింది అంతకంటే మంచి 3:37.8. ఎనిమిదేళ్ల తరవాత మాంట్రియల్‌లో, సముద్ర మట్టానికి దగ్గరగా, జాన్ వాకర్ స్వర్ణం గెలిచిన సమయం 3:39.17. 1980లో మాస్కోలో సెబాస్టియన్ కో స్వర్ణం గెలిచింది 3:38.4లో. అంటే మెక్సికో పలచటి గాలిలో రయన్ రజతం తెచ్చుకున్న పరుగు ఆ రెండు స్వర్ణాల కంటే వేగమైనది! ఇక కెయినో పెట్టిన ఒలింపిక్ రికార్డు 1984 దాకా, పదహారేళ్లు, చెక్కుచెదరలేదు.

అయినా అమెరికా పత్రికల్లో కొందరు రయన్ దేశాన్ని నిరాశపరిచాడని రాశారు. కెయినో ఎంత గొప్పగా పరిగెత్తాడో ఎవరూ పట్టించుకోలేదని రయన్ చాలా కాలం బాధపడ్డాడు. నాకైతే అతని కెరీర్‌లో అత్యుత్తమ పరుగు బేకర్స్‌ఫీల్డ్‌లోది కాదు, ఇదే. గడియారాన్ని ఓడించడం రయన్‌కు తెలిసినంతగా మరొకరికి తెలీదు. ఆ రోజు కూడా తను పెట్టుకున్న గడియారాన్ని ఓడించాడు. ఎదురుగా ఉన్నది మాత్రం గడియారం కాదు, కెయినో.

జిప్చో కొన్నేళ్ల తరవాత రయన్‌ను కలిసినప్పుడు ఆ మొదటి చుట్టుకు క్షమాపణ చెప్పాడు. పోటీలో తప్పేమీ చేయని మనిషి చెప్పిన క్షమాపణ అది.

నడుచుకుంటూ బయటికి

1969 జూన్, మయామిలో జాతీయ పోటీలు. మైలు పందెం సగంలో రయన్ ట్రాకు దిగి బయటికి వెళ్లిపోయాడు. గాయం లేదు, పడలేదు. పరుగు మీద మనసు విరిగింది. ఏడాదిన్నర పైగా పోటీల జోలికి రాలేదు. అప్పటికి వయసు 22.

తాడిని తన్నేవాడుంటే తల తన్నేవాడు

1971లో తిరిగొచ్చాడు. మే 16న ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఫీల్డ్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ పేరిట జరిగిన పోటీల్లో, పత్రికలు ‘కలల మైలు’ అని పేరుపెట్టిన పందెం. ఎదురుగా ఎవరు? నాలుగేళ్ల కిందట రయన్ రికార్డు పందెంలోనే ఏడోవాడిగా వచ్చిన లిక్వోరి. చివరి చుట్టంతా రయన్ అతని భుజం పక్కనే ఉన్నాడు గానీ దాటలేకపోయాడు. ఇద్దరికీ వాచీ చూపించింది 3:54.6. గెలిచింది లిక్వోరి.

మ్యూనిక్: ఒక అంకె, ఒక తోపులాట

1972 ఒలింపిక్స్‌కు ముందు టొరంటోలో రయన్ మైలును 3:52.8లో పరిగెత్తాడు. ప్రపంచ స్థాయి సమయం. ఒలింపిక్ హీట్లు వేసేటప్పుడు మేటి ఆటగాళ్లందరూ ఒకే హీట్‌లో పడకుండా వారి వారి సమయాలు చూసి వేరుచేస్తారు. రయన్ పేరు ముందు నమోదైన సమయం 3:52.8. కానీ అది మైలు సమయమని గమనించక 1500 మీటర్ల సమయంగా లెక్కేశారు! 109 మీటర్ల తేడా మాయమైపోయింది. కాగితం మీద రయన్ ఓ మామూలు ఆటగాడు. ఫలితంగా అతను, కెయినో ఒకే హీట్‌లో పడ్డారు.

సెప్టెంబర్ 8న హీట్. ఇంకా దాదాపు ఒకటింపావు చుట్టు ఉందనగా, గుంపు మధ్యలోంచి సందు చేసుకుని ముందుకెళ్లబోతే, ఘనా ఆటగాడు బిల్లీ ఫోర్డ్‌జోర్‌తో తగిలి ఇద్దరూ కింద పడ్డారు. రయన్ లేచి పరిగెత్తాడు. తొమ్మిదోవాడిగా ముగించాడు. అమెరికా ఫిర్యాదు చేసింది. ఫౌల్ జరిగిందని ఒప్పుకున్నారు గానీ తరవాతి రౌండుకు పంపడానికి ఒప్పుకోలేదు. మూడు ఒలింపిక్స్ కథ అలా ట్రాకు మీద పడి ముగిసింది. ఫైనల్లో ఫిన్లాండ్ వాడు పెక్కా వాసలా గెలిచాడు. కెయినో రెండోవాడు.

అదే మ్యూనిక్‌లో ఇంకో అమెరికన్‌ది తలకిందుల కథ. ఆ ఏడాది ఎంపిక పోటీలో 1500లో రయన్ వెనక రెండోవాడిగా వచ్చిన డేవ్ వాటిల్ 800 మీటర్లలోనూ పాల్గొన్నాడు. గోల్ఫ్ టోపీ పెట్టుకుని పరిగెత్తేవాడు. ఫైనల్లో చాలాసేపు అందరికంటే వెనక, వేరే పందెంలో ఉన్నట్టు ఉన్నాడు. చివర్లో ఒక్కొక్కరినే దాటి, గీత దగ్గర సోవియట్ ఆటగాడు అర్జానోవ్‌ను 0.03 సెకన్ల తేడాతో ఓడించాడు. పతకం అందుకునేటప్పుడు జాతీయ గీతం మోగుతుంటే టోపీ తీయడం మర్చిపోయాడు. తరవాత నొచ్చుకుని క్షమాపణ చెప్పాడు.

బాయి పందెంలో జిప్చో

రయన్ 1500 రికార్డు 1974 ఫిబ్రవరి 2న క్రైస్ట్‌చర్చ్ కామన్వెల్త్ క్రీడల్లో పోయింది. టాంజానియాకు చెందిన ఫిల్బర్ట్ బాయి మొదటి అడుగు నుంచీ ముందుండి 3:32.2లో ముగించాడు. రెండోవాడు జాన్ వాకర్ కూడా పాత రికార్డు కంటే ముందే వచ్చాడు. మూడోవాడి సమయం 3:33.2. రయన్ రికార్డుకు సరిగ్గా పదో వంతు సెకను వెనక. ఆ మూడోవాడు మెక్సికోలో 56 సెకన్ల చుట్టు తీసిన బెన్ జిప్చోనే.

మైలు రికార్డు ఇంకో ఏడాది నిలిచింది. 1975 మే 17న జమైకాలోని కింగ్‌స్టన్‌లో అదీ బాయి చేతికే చిక్కింది. 3:51.0. మళ్లీ అదే పదో వంతు. దాదాపు తొమ్మిదేళ్లు మైలు రికార్డు రయన్ పేరిటే ఉంది. అప్పట్నుంచి ఆరుబయట ట్రాకు మీద మైలు, 1500 మగవాళ్ల ప్రపంచ రికార్డు ఏ అమెరికన్‌కూ దక్కలేదు.

ఆ లోపు రయన్ ప్రొఫెషనల్ అయ్యాడు. కొత్తగా పెట్టిన అంతర్జాతీయ ట్రాక్ సంఘం డబ్బిచ్చి పోటీలు పెట్టేది. డబ్బు తీసుకుంటే ఒలింపిక్స్ తలుపులు మూసుకుపోతాయన్నది అప్పటి నియమం. ఆ సంఘం కూడా 1976లో మూతపడింది.

వాషింగ్టన్‌లో పదేళ్లు

1996లో రయన్ రిపబ్లికన్ పార్టీ తరఫున కాన్సాస్ రెండో నియోజకవర్గం నుంచి ప్రతినిధుల సభకు ఎన్నికయ్యాడు. ఐదుసార్లు గెలిచి, 2006లో నాన్సీ బోయ్‌డా చేతిలో ఓడాడు. 2020లో దేశాధ్యక్షుడి చేతుల మీదుగా స్వాతంత్ర్య పతకం అందుకున్నాడు. అమెరికాలో పౌరులకిచ్చే అత్యున్నత గౌరవాల్లో అదొకటి.

కోచ్ టిమ్మన్స్ ఏం చేశాడంటారా? కాన్సాస్ యూనివర్సిటీ ఉన్న లారెన్స్ దగ్గర పొలం కొని దాన్ని క్రాస్‌కంట్రీ మైదానంగా మార్చాడు. పేరు రిమ్ రాక్ ఫామ్. తరవాత యూనివర్సిటీకి ఇచ్చేశాడు. కాన్సాస్ పరుగువీరుల ఆనవాళ్లు ఆ దారి పొడవునా కనిపిస్తాయి.

ముప్పై ఆరేళ్లు నిలిచిన స్కూలు రికార్డు

రయన్ 1965లో పెట్టిన 3:55.3 హైస్కూల్ రికార్డు 2001 మే 27 దాకా నిలిచింది. ఆ రోజు ఒరెగాన్ రాష్ట్రం యూజీన్‌లో వర్జీనియా కుర్రాడు అలన్ వెబ్ 3:53.43 పరిగెత్తాడు. వెబ్ కూడా గెలవలేదు, ఐదోవాడిగా వచ్చాడు. గెలిచింది మొరాకో వీరుడు హిషామ్ ఎల్ గెరూజ్. మైలు ప్రపంచ రికార్డు, 1999లో రోమ్‌లో పెట్టిన 3:43.13, ఇప్పటికీ ఆయనదే.

నాలుగు నిమిషాల లోపు వచ్చిన హైస్కూల్ పిల్లల జాబితాలో రయన్, రెండోవాడిగా చేరిన డానియల్సన్, లిక్వోరి తరవాత నాలుగో పేరు వెబ్‌దే. మధ్యలో మూడు దశాబ్దాలకు పైగా ఖాళీ. 2011 తరవాత మాత్రం ఆ జాబితా చకచకా పెరిగింది. నురుగు అట్టల కొత్త బూట్ల పుణ్యం కూడా అందులో కొంత ఉంది. అంతమాత్రాన ఈ తరం పిల్లల్ని తక్కువ చేయనక్కర్లేదు గానీ, మట్టి ట్రాకు మీద సన్నటి బూట్లతో పరిగెత్తిన అంకెల్ని వీటి పక్కన పెట్టేటప్పుడు ఓ క్షణం ఆగాలి.

చివరికి స్వర్ణం వచ్చింది, కానీ ఎంత నెమ్మదిగా!

ఒలింపిక్ 1500లో అమెరికా స్వర్ణం 1908లో మెల్ షెప్పర్డ్‌ది. ఆ తరవాత 108 ఏళ్లు రాలేదు. కనింగ్‌హామ్ తేలేకపోయాడు, రయన్ తేలేకపోయాడు. 2016 రియోలో మాథ్యూ సెంట్రోవిట్జ్ తెచ్చాడు. ఆ ఫైనల్లో ఎవరూ వేగం పెంచడానికి సాహసించలేదు. సెంట్రోవిట్జ్ ముందుండి అందర్నీ నెమ్మదిగా నడిపించి, చివరి చుట్టులో ఒక్కసారిగా లంఘించాడు. గెలిచిన సమయం 3:50.00. 1932 తరవాత ఒలింపిక్ 1500 స్వర్ణాల్లో అంత నెమ్మదైనది లేదు. మనుషులతో పోటీ అంటే అదీ. 2024 పారిస్‌లో కోల్ హాకర్ మాత్రం 3:27.65తో ఒలింపిక్ రికార్డు కొట్టి మరీ స్వర్ణం తెచ్చాడు.

రియో సమయాన్ని బేకర్స్‌ఫీల్డ్ మైలు పక్కన పెట్టి చూడండి. సెంట్రోవిట్జ్ 1500 మీటర్లకు 3:50.00. రయన్ 1967లో మైలుకు 3:51.1. తేడా 1.1 సెకన్లు. ఆ 1.1 సెకన్లలో రయన్ అదనంగా పరిగెత్తిన దూరం 109 మీటర్లు!